నడుంనొప్పి మనిషి... నిప్పుల కొండ మీద!

నాకు నలభై ఒకటో ఏట నడుం పట్టేసింది. పొద్దున్నే నీళ్ల బిందె ఎత్తబోయి, వంగిన మనిషిని వంగినట్టే ఉండిపోయాను. కరీంనగర్ తీసుకెళ్లి చూపిస్తే మూడు నెలలు చెక్క మీద పడుకోమన్నారు. బరువులెత్తొద్దు, బస్సులో వెనక సీట్లో కూర్చోవద్దు, మెట్లు అసలే ఎక్కొద్దు. మెట్లు అనగానే నాకు ఏడుపొచ్చింది. ఏటా కొండగట్టు అంజన్న దగ్గరికి మెట్లదారినే పోయే అలవాటు నాది. ఆ ఏడాదితో అది ఆగిపోయింది. బడికి పోవడం, రావడం, పడుకోవడం... ఇక ఇంతే బతుకు అనుకున్నాను.

పన్నెండేళ్లు గడిచాక ఇదంతా ఎందుకు గుర్తుకొచ్చిందంటే, మా బిడ్డ వల్ల. ఇక్కడే చొప్పదండి నవోదయలో చదివింది, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం. 2022 నవంబరు ఆఖర్న ఓ రోజు ఫోన్ చేసి, టీవీ పెట్టమ్మా, నేను ఎక్కుదామనుకున్న కొండ పేలింది అంది. హవాయి దీవుల్లోని మౌనా లోవా అట. 1984 తర్వాత మళ్లీ అప్పుడే, ముప్ఫై ఎనిమిదేళ్లు నిద్రపోయి లేచింది. తెర మీద ఎర్రటి ఏరు పారుతోంది. నా గుండె జారిపోయింది. నీకీ కొండల పిచ్చి ఎక్కడిదే అని బాగా తిట్టాను. తిట్లకు జవాబా అన్నట్టు, తర్వాత సెలవులకు వచ్చినప్పుడు ఓ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఈవిడ కూడా నీలాగే నడుంనొప్పి మనిషే, నీకు నడుం పడ్డ వయసులోనే ఆ కొండ ఎక్కింది, చదువు అని చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ పేరు ఇసబెల్లా బర్డ్. పుస్తకం 1875లో అచ్చయింది.

నా ఇంగ్లిషు అంతంత మాత్రం. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు నాలుగైదు పేజీలు చదివేదాన్ని. వినడానికి మా అక్క ఉంది. అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. చిన్న వయసులోనే బావ పోతే బాపు ఇంటికి తిరిగొచ్చింది. బాపు పోయాక అమ్మను చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉంది. నేను రెండు వీధుల అవతల. సాయంత్రం పూట చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చేస్తూ, ఏమున్నదే ఆ బుక్కుల, చెప్పరాదు అనేది. అట్లా మొదలైంది మా ఇద్దరి యాత్ర!

ఇసబెల్లా 1831 అక్టోబరు 15న ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టింది. తండ్రి చర్చిలో మతగురువు. అంతకుముందు కొంతకాలం మన కలకత్తాలో వకీలుగా పనిచేసినవాడే. ఇంట్లో ఇద్దరే ఆడపిల్లలు. ఇసబెల్లా పెద్దది, హెన్రియెట్టా చిన్నది. పెద్దపిల్లకు చిన్నప్పటినుంచీ వెన్నునొప్పి. నిద్ర పట్టదు, తలనొప్పి. పందొమ్మిదో ఏట వెన్ను దగ్గర గడ్డకు ఆపరేషన్ చేశారు. మత్తుమందులు అప్పుడప్పుడే వస్తున్న రోజులు! అయినా నొప్పి పూర్తిగా పోలేదు. మనిషి ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. సోఫా మీద పడుకుని ఉత్తరాలు రాసుకోవడం, కుట్లు, అల్లికలు... ఆ కాలపు పెద్దింటి పిల్లలకు ఇంకేం పని ఉంటుంది? చివరికి డాక్టర్లు సముద్ర ప్రయాణం చేయిస్తే మంచిదన్నారు. 1854లో తండ్రి వంద పౌన్లు చేతిలో పెట్టి, ఇవి అయిపోయేదాకా తిరిగి రా పొమ్మన్నాడు. అమెరికా, కెనడా చూసి వచ్చి పుస్తకం రాసింది. అలాంటి తండ్రి ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి!

తండ్రి 1858లో, తల్లి 1866లో పోయారు. అక్కచెల్లెళ్లిద్దరే మిగిలారు. ఇసబెల్లాకు మళ్లీ మంచమే గతి. నలభై ఏళ్లు వచ్చేశాయి, పెళ్లి లేదు, వెన్నుకు కడ్డీల పట్టీ. డాక్టర్లు మళ్లీ సముద్రం మాటే ఎత్తారు. 1872లో ఆస్ట్రేలియా వెళ్లింది, అక్కడ ఏమీ నచ్చలేదు. న్యూజిలాండ్ వెళ్లింది, అదీ నచ్చలేదు. 1873 జనవరి 1న ఆక్లాండ్‌లో నెవాడా అనే పాత ఓడ ఎక్కింది. అది శాన్‌ఫ్రాన్సిస్కో పోయే ఓడ. మర్నాడో మూడోనాడో పెనుతుఫాను. ఓడ అంతా కారుతోంది, ఎప్పుడు మునుగుతుందో తెలీదు. ఇసబెల్లాకు భయం వేయకపోగా వెన్నునొప్పి సంగతే మరిచిపోయిందట! అక్క ఇక్కడ చేతిలో బీడీ ఆపి పకపకా నవ్వింది. ఇంట్లో ఉంటేనే నొప్పి అన్నట్టు అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది గానీ, అక్క నన్ను ఉద్దేశించి అనలేదులెండి.

ఓడలో ఓ తల్లీ కొడుకూ ఉన్నారు. కుర్రాడికి ఊపిరితిత్తుల్లో నెత్తురు పడి చావు బతుకుల్లో ఉన్నాడు. హోనొలులులో దిగిపోతున్నాం, తోడుగా ఉండమని ఆ తల్లి బతిమాలింది. సరేనని దిగింది. నాలుగు రోజులనుకున్నది ఆరు నెలలు దాటింది.

హవాయి అప్పట్లో స్వతంత్ర రాజ్యం. ఆ జనవరిలోనే లునలిలో రాజుగా ఎన్నికయ్యాడు. పెద్ద దీవిలోని హిలో అనే రేవు ఊరికి చేరిన ఇసబెల్లాను కిలాయుయా అగ్నిపర్వతం చూద్దువుగాని రమ్మన్నారు. గుర్రం మీద 30 మైళ్లు. ఆ రోజుల్లో ఇంగ్లిషు ఆడవాళ్లు గుర్రానికి ఒక పక్కనే కాళ్లు వేలాడేసి కూర్చోవాలి. వెన్ను మెలికపడి ప్రాణం పోతుంది. ఆ నొప్పికే ఆమె గుర్రపుస్వారీ వదులుకుంది. ఇక్కడేమో హవాయి ఆడవాళ్లు పూలదండలు వేసుకుని, మగవాళ్లలాగే అటో కాలు ఇటో కాలు వేసి గాలిలా దూసుకుపోతున్నారు. ఆమె కూడా అట్లాగే కూర్చుంది. నొప్పి లేదు! కాళ్ల దగ్గర కుచ్చులు పెట్టిన వదులు పైజామా, దాని మీద పావడా... అలాంటి ఫ్లానెల్ బట్టలు కుట్టించుకుంది. నలభై ఏళ్ల జబ్బులో సగం ఆ జీనుదేనేమో అనిపించింది నాకు. మన దగ్గర నాట్లు వేసే ఆడవాళ్లు గోచి పెట్టి చీర కట్టుకుంటే ఎవరేమన్నారు? పనికి తగ్గ బట్ట, అంతే కదా.

ఇక అసలు కొండ సంగతి.

మౌనా లోవా అంటే వాళ్ల భాషలో పొడవాటి కొండ అని అర్థం. ఎత్తు సముద్రమట్టానికి 13,600 అడుగుల పైనే. సముద్రం అడుగు నుంచి కొలిస్తే తొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది. చూడ్డానికి మాత్రం అంత ఎత్తుందని నమ్మబుద్ధి కాదు. బోర్లించిన పెద్ద చాట లాగా మెల్లగా, మెల్లగా లేస్తుంది. లావా పలుచగా పారి, పొర మీద పొర పరుచుకుంటూ పెరిగింది కాబట్టి ఆ ఆకారం. మా చొప్పదండి చుట్టూ ఉన్న గుట్టలు కూడా ఒకప్పుడు కరిగిన రాయే. అయితే అది భూమి లోపలే నిదానంగా చల్లారి గ్రానైటు అయింది. లావాయే పైకి పారి పరుచుకున్న చోటు కావాలంటే మనం ఆదిలాబాద్ పోవాలి. అక్కడి పత్తి పండే నల్లరేగడి, ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి లావా రాయి అరిగి అరిగి అయిన మట్టే. ఈ మాట చెప్పేసరికి మా అక్కకు హవాయి కాస్త దగ్గరైంది.

1873 జూన్ మొదటివారంలో బయల్దేరారు. తోడు విలియం లోథియన్ గ్రీన్ అనే ఇంగ్లిషాయన. హోనొలులులో వ్యాపారం, మనసంతా రాళ్ల మీద, అగ్నిపర్వతాల మీద. పెళ్లికాని ఆడమనిషి, పరాయి మగవాడితో, కొండ మీద ఒకే గుడారంలో! విక్టోరియా రాణి కాలంలో ఇదెంత మాటో ఊహించుకోండి. ఆ దీవిలో దాన్నెవరూ తప్పు పట్టినట్టు కనబడదు. ఇంగ్లండులో అయితే కొండ ఎక్కకముందే ఊరంతా ఎక్కేవాళ్లు.

హిలో నుంచి కిలాయుయా గట్టు మీది బసకు ఓ ప్రయాణం. అక్కడి నుంచి ఐనాపో అనే పశువుల దొడ్డికి ఇంకో ప్రయాణం. రాత్రి అక్కడ పడుకుని, తెల్లవారి కంచరగాడిదల మీద దుప్పట్లు, గుడారం, తిండి వేసుకుని పైకి. దారి చూపడానికి అక్కడి మేకల వేటగాడు ఒకడు. ఐనాపో దారి ఆమె కోసం వేసింది కాదు. హవాయి జనం తరతరాలుగా నడిచిన దారి. 1794లో ఆర్చిబాల్డ్ మెంజీస్ అనే స్కాట్లండు వైద్యుడు, మొక్కల శాస్త్రజ్ఞుడు శిఖరం చేరింది కూడా ఆ దారినే.

మొదట చెట్లు, తర్వాత పొదలు, తర్వాత గడ్డిపరక కూడా లేదు. అంతా నల్లటి రాయి. ఆ రాయిలో రెండు రకాలు. ఒకటి తాళ్లు పేనినట్టు, పాకం మడతలు పడ్డట్టు నున్నగా ఉంటుంది, దాన్ని పాహోయిహోయి అంటారు. రెండోది కొలిమిలో చిట్టెం లాగా గరుకుగా, కత్తుల్లా ఉంటుంది. దాని పేరు ఆఆ! చెప్పుల్లేకుండా నడిస్తే నోట్లోంచి వచ్చే చప్పుడు అదేనంటూ అక్క ఒకటే నవ్వు. ఈ రెండు హవాయి మాటల్నే ఇప్పుడు ప్రపంచమంతా భూగర్భశాస్త్రవేత్తలు వాడుతున్నారు. ఆ రాళ్ల మీద గుర్రాల గిట్టలు తెగుతున్నాయి. గాలి పలచబడి జంతువులు నాలుగడుగులకోసారి ఆగి రొప్పుతున్నాయి. మనుషులకూ అంతే. తల పగిలిపోయే నొప్పి, వాంతులు, కాళ్లలో సత్తువ లేకపోవడం. చీకటి పడకముందే చేరకపోతే రాతిపగుళ్లలో పడి పోవడమే.

చేరారు. శిఖరం మీద మొకుఆవేఓవేఓ అనే మహాబిలం, నోరు తిరగని పేరు. సుమారు అయిదు కిలోమీటర్ల పొడవు. అంచు వందల అడుగుల నిట్టనిలువు గోడ. ఆ గోడ కింద నల్లటి మైదానం. మైదానం మధ్యలో... నిప్పుల ఫౌంటెన్! నీళ్లు చిమ్మినట్టు, పచ్చబంగారు రంగు లావా ఆకాశంలోకి లేచి, విచ్చుకుని, జలజల రాలుతోంది. చప్పుడు సముద్రపు అలల హోరు లాగా. గుడారం బిలం అంచునే వేశారు. పక్కన నీళ్లు గడ్డకట్టే చలి, ఎదురుగా కరిగిన రాయి. ఉన్నవన్నీ తొడుక్కుని, దుప్పట్లు చుట్టుకుని అందరూ పడుకున్నారు.

ఆమెకు నిద్ర రాలేదు. అర్ధరాత్రి దాటాక ఒక్కతే లేచి బయటికొచ్చి చూస్తూ కూర్చుంది.

ఈ చోటు నేను అక్కకు మూడుసార్లు చదివాను. మూడుసార్లూ తనే అడిగింది. నేలంతా ఆ నిప్పు వెలుగు, మీద నక్షత్రాలు, కనుచూపు మేర మనిషి లేడు. నలభై ఏళ్లు సోఫా మీద పడుకున్న మనిషి. ఆమె ఏం అనుకుని ఉంటుందే అని అక్క అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాకైతే ఒక్కటే అనిపించింది. నాకు వద్దని చెప్పిన మెట్లు ఎన్ని? ఆ వద్దన్నదాన్ని పట్టుకుని నేను ఎన్నేళ్లు కూర్చున్నాను? చెక్క మీద పడుకోమన్నది మూడు నెలలే గదా! ఎవరి నొప్పి వాళ్లకే తెలుసు, డాక్టరు మాట వినొద్దని చెప్పడం లేదు. మూడు నెలల మాటను పన్నెండేళ్లు చేసుకున్నది మాత్రం నేనే.

ఆమె మౌనా కేయా కూడా ఎక్కింది. ఆ ఏడే అమెరికా రాకీ పర్వతాల్లో 14,000 అడుగులు దాటిన లాంగ్స్ శిఖరం కూడా. ఆ రాకీల పుస్తకం 1879లో వస్తే, లండన్ టైమ్స్ పత్రికలో ఆమె మగవేషం వేసిందన్నట్టు రాశారు. ఇసబెల్లాకు ఒళ్లు మండిపోయింది. అది ఆడవాళ్ల దుస్తులేనని వివరిస్తూ తర్వాతి ముద్రణలో ప్రత్యేకంగా ఒక మాట చేర్పించింది. నిప్పుల కొండ ఎక్కినావిడకు కూడా బట్టల గురించి సంజాయిషీ చెప్పుకోక తప్పలేదు, చూశారా!

ఇన్ని సాయంత్రాలూ అక్కకు ఒకటే ప్రశ్న. చెల్లె సంగతేందే?

ఈ పుస్తకాలన్నీ నిజానికి హెన్రియెట్టాకు రాసిన ఉత్తరాలే. స్కాట్లండు పక్కన మల్ అనే దీవి, అందులో టోబర్‌మొరీ అనే చిన్న ఊరు. ఆమె అక్కడ ఓ ఇల్లు తీసుకుని ఉండేది. రోగులను చూడ్డం, పేదవాళ్లకు సాయం చేయడం, అక్క ఉత్తరాలు రాగానే చుట్టుపక్కల వాళ్లకు చదివి వినిపించడం. (ఆ మల్ దీవి కూడా కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతమే. చెల్లి కూడా చల్లారిన లావా మీదే కూర్చుని ఉంది.) ఇసబెల్లా హవాయి అందాల గురించి రాసి రాసి, మనమిద్దరం ఇక్కడే ఉండిపోతే ఎంత బావుంటుందో అని ఊరించింది. పాపం హెన్రియెట్టా నిజమనుకుంది. నేనూ వస్తానేమో అన్నట్టు జవాబు రాసింది. అంతే, ఇసబెల్లా కంగారుపడి వద్దని సర్దిచెప్పి, ఆ దీవులు వదిలి ఓడ ఎక్కేసిందని ఆమె జీవితం గురించి పరిశోధించినవాళ్లు చెబుతారు. చెల్లి వస్తే ఉత్తరాలు ఎవరికి రాయాలి? చెల్లి వస్తే మళ్లీ తను ఇంట్లో రోగిష్టి అక్కే కదా!

ఇది చదివిన రోజు అక్క ఏమీ అనలేదు. చాట పక్కన పెట్టి లోపలికెళ్లి అమ్మకు మందు బిళ్ల ఇచ్చి వచ్చింది. నేనూ తల ఎత్తలేదు. వేములవాడ, ధర్మపురి సరే. కాశీ, బదరీ, రామేశ్వరం... నేను ఆయనతో కలిసి ఎటు వెళ్లినా అమ్మ దగ్గర ఉన్నది అక్కే. నడుం పడ్డప్పుడు మా ఇంటికీ ఆ ఇంటికీ తిరిగి నాకు అన్నం పెట్టిందీ అక్కే. రావే నువ్వు కూడా అని నేను ఏనాడూ గట్టిగా అడగలేదు. తను వస్తే అమ్మ దగ్గర ఎవరుంటారని లోపల తెలుసు గనక.

హెన్రియెట్టా 1880లో టైఫాయిడ్‌తో పోయింది. ఇసబెల్లా కుప్పకూలింది. ఆ జబ్బులో చెల్లికి వైద్యం చేసిన జాన్ బిషప్‌నే మరుసటి ఏడు మార్చిలో పెళ్లాడింది, పెళ్లికి కూడా నల్ల దుస్తులే వేసుకుంది. అప్పటికి ఆమెకు నలభై తొమ్మిదేళ్లు. అయిదేళ్లకే ఆయనా పోయాడు. అప్పుడు కూచుని ఏడవలేదు, లండన్‌లోని సెయింట్ మేరీ ఆస్పత్రిలో వైద్యం, కట్లు కట్టడం నేర్చుకుంది. 1889లో మన దేశం వచ్చింది. శ్రీనగర్‌లో భర్త పేర, అమృత్‌సర్‌లో చెల్లి పేర ఆడవాళ్ల కోసం ఆస్పత్రులు పెట్టించింది. లద్దాఖ్ దాకా వెళ్లింది. తర్వాత పర్షియా, కొరియా, చైనా. కెమెరా వాడటం నేర్చుకుని అరవై ఏళ్లు దాటాక యాంగ్‌ట్సీ నది లోయ అంతా ఫొటోలు తీసింది.

1892లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆడవాళ్లకు మొదటిసారి తలుపు తీసింది. మొదటి సభ్యురాలు ఇసబెల్లాయే. ఇరవై రెండు మంది చేరేసరికి మగవాళ్లలో అలజడి. మరుసటేడు తలుపు మళ్లీ మూసేశారు. గట్టిగా అడ్డుపడిన వాళ్లలో ఒకాయన తర్వాత మనకు వైస్రాయిగా వచ్చాడు. బెంగాల్‌ను రెండు ముక్కలు చేసిన కర్జన్! తమాషా ఏమిటంటే 1913లో ఆ తలుపు మళ్లీ తెరిచినప్పుడు సొసైటీ అధ్యక్షుడు కూడా ఆయనే.

ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు. ఎక్కడికెళ్లినా అక్కడి మనుషులను తన చర్చితో, తన దేశంతో కొలిచి చూసే అలవాటు ఆమెకుంది. కొన్ని పేజీలు చదువుతుంటే మనకే కోపం వస్తుంది. సామాను మోసినవాళ్లు, వంట చేసినవాళ్లు, దారి చూపినవాళ్లు లేకుండా ఆమె ఒక్క కొండా ఎక్కలేదు. చెల్లి విషయం చెప్పనే చెప్పాను.

అయితే ఆమెకు కూడా అది లోపల ఉన్నట్టుంది. టోబర్‌మొరీ రేవులో చెల్లి జ్ఞాపకంగా గడియార స్తంభం కట్టించడానికి డబ్బు ఏర్పాటు చేసింది. అది 1905లో పూర్తయింది. చూసుకోవడానికి ఆమె లేదు. డెబ్బై దాటే వయసులో 1901లో మొరాకో వెళ్లి గుర్రం మీద తిరిగి వచ్చి, మళ్లీ చైనా ప్రయాణానికి పెట్టెలు సర్దుకుని, 1904 అక్టోబరు 7న ఎడింబరోలో కన్నుమూసింది.

పుస్తకం అయిపోయిన వారం బిడ్డ ఫోన్ చేసింది. వచ్చే ఏడు హవాయి పోదాం, నీకు టికెట్ తీస్తా, శిఖరం ఎక్కక్కర్లేదు, కిలాయుయా బిలం అంచుదాకా కారే పోతుంది అంది. నేను ఫోన్ అక్కకు ఇచ్చాను. పెద్దమ్మను తీసుకుపో, అమ్మ దగ్గర నేనుంటా అన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసింది. నాకు ఇంగ్లిషు రాదు, నాకెందుకే ఈ వయసులో, అమ్మకు నా చేతి జావే పడుతది... అన్నీ చెప్పింది. జావ కాయడం నేర్పించు అన్నాను.

రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు బీడీలు లెక్కపెట్టి కట్టలు కడుతూ, ఆ గుడారం కాడ అంత చలి ఉన్నది గదా, కింద కూడా అంతే ఉంటదా అని అడిగింది. కింద అంత ఉండదక్కా, స్వెటర్ చాలు అని చెప్పాను. స్వెటర్ ఏ రంగుదో అనలేదు గానీ, పాస్‌పోర్టుకు ఏమేమి కాయితాలు కావాలో అడిగింది. పుట్టిన తేదీ దగ్గర చిక్కు వచ్చింది. అమ్మకు ఎండాకాలమని మాత్రమే గుర్తుంది. ఆధార్ కార్డులో ఉన్నదే సరే అనుకున్నాం.

ఫొటో దిగడానికి కరీంనగర్ పోవాలి. మంగళవారం వద్దంది అక్క. బుధవారం పోతున్నాం.